చచ్చిన ప్రకృతి

ప్రొఫెసరు ఒత్తోరినో బతికున్నవన్నీ చెల్లెలికీ, చచ్చినవన్నీ ఊరికీ రాసి పోయాడట. రొట్టెల కొట్టు నోర్మా అన్న ఈ మాటను ఎదురింటావిడ ఆ చెల్లెలి దగ్గరికే మోసుకొచ్చింది. నోర్మా నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఈసారి ఆమె అన్నది అక్షరాలా నిజం.

పళ్ళూ కూజాలూ గీసిన బొమ్మని అక్కడివాళ్ళు ‘చచ్చిన ప్రకృతి’ అంటారు. ప్రొఫెసరు బతికినన్నాళ్ళూ పగలు ఇతరుల కావ్యాలను చీల్చి చెండాడుతూ, సాయంత్రాలు అలాంటి బొమ్మలు పోగేసి, వాటి మీద ఓ పుస్తకమూ రాశాడు. వీలునామాలో మాత్రం పొదుపుగా రాశాడు: ‘నా ఇంట్లోని చచ్చిన ప్రకృతి యావత్తూ ఊరికి. జీవమున్నది చెల్లెలు ఎర్సీలియాకు.’

పండితుడి మాట పైపైన చదవకూడదంటూ ఊరి పెద్ద ఫుల్జెన్సియో ఇద్దరు మనుషులతో దిగాడు.

ఎర్సీలియాకు ఆ బొమ్మల్లో ఒక్కటే కావాలి. ఆమె పడుచుదనంలో, ఒడినిండా బేరిపళ్ళు పోసి కూర్చోబెట్టి, ఓ దేశదిమ్మరి గీసిన బొమ్మ అది. ఆమె వంక అంతసేపు చూసిన మగాడు మళ్ళీ పుట్టలేదు.

ఫుల్జెన్సియో ముందు వంటింట్లో దూరి, దూలానికి వేలాడుతున్న ఉప్పు పట్టించిన పంది తొడ దగ్గర ఆగాడు.

“అత్తా, ఇది చచ్చిందే కదా?”

“బతికుంటే నిన్ను తన్నకపోనా!”

తొడ ఊరి పాలైంది. జున్నుకి బూజు పట్టింది గనక జీవముందని ఆమెకు వదిలాడు. వెనిగరు పీపాలో పులుపు పుట్టించే పొరను ‘తల్లి’ అంటారని గుర్తొచ్చి, టోపీ తీసి దణ్ణం పెట్టాడు.

చివరికి బేరిపళ్ళ బొమ్మ గోడ దిగింది.

“ఒరే, అందులో ఉన్నది నేను! కళ్ళు కనపడట్లేదా?”

“నువ్వే అత్తా, ఎవరు కాదన్నారు? కానీ ఇదీ చచ్చిన ప్రకృతేనని మీ అన్నగారే పుస్తకంలో రాశారు. పళ్ళే ముఖ్యమట. వెనకున్న మనిషి ఉత్త కుండతో సమానమట. అంత చదువుకున్నాయన మాటకి తిరుగుంటుందా?”

మనుషులిద్దరూ బొమ్మను గడపదాకా మోశారు. ఎర్సీలియా అడ్డంగా నిలబడి, నడుముకి చుట్టుకున్న వంటగుడ్డతో బొమ్మలోని తన మొహం మీది దుమ్ము తుడిచింది.

“ఏరా, మీ పండితుడికి ఇన్నాళ్ళూ కూడొండి పెట్టింది కుండేనట్రా?”