మూడు కొడితే ఆపాలె

"ఫ్లూట్ పెట్టమ్మా," అన్నారు అమర్‌నాథ్ సార్. "పల్లెటూరి కథ. తల్లి పాత్ర. సన్నగా ఒక ఫ్లూట్ పోనివ్వు చాలు, జనం ఏడుస్తారు."

"మాది పల్లెటూరు కాదు సార్. తాండూరు."

"అదే."

సార్ హైదరాబాదులో మా సినిమా కాలేజీలో దర్శకత్వం చెప్తారు. చెడ్డ మనిషేం కాదు. సెలవుల్లో కూడా ఎడిటింగ్ గది తాళం నా చేతికిచ్చి, "పని చేసుకో జ్యోతిరాణీ" అనేవారు. నాకు ఆయనంటే గౌరవం. ఆ రోజు నా డిప్లొమా సినిమా మొత్తం చూశారు. చివరికొచ్చేసరికి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ ఢంఢం ఏమిటమ్మా? ఇది పబ్బుల్లో వాడేది."

"మా తమ్ముడు పెండ్లి బరాత్‌లల్ల వాడుతడు సార్," అన్నాను. కంగారుపడితే నా నోట్లో ఊరి మాట వచ్చేస్తుంది.

"ఆ బరాత్ నీ సినిమాలో వద్దు. మ్యూజిక్‌లో నేటివిటీ ఉండాలి. ఫ్లూట్ వేసుకుని రా. లేకపోతే నేను పాస్ చెయ్యను."

నా సినిమా కథ చిన్నది. బండల పాలిష్ యూనిట్లో పనిచేసే ఒకామె, ఒకరోజు మూడు దెబ్బలు కొట్టి మిషను ఆపిస్తుంది. ప్రమాదమేమీ ఉండదు. ఎందుకు ఆపించావని అందరూ అడుగుతారు. ఆమె చెప్పదు. నిశ్శబ్దంలో కాసేపు కూర్చుంటుంది. అంతే.

ఆ మూడు దెబ్బల సంగతి తాండూరు బయటివాళ్లకు చెప్పాలి. బండలు కోసే మిషను నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని మా అమ్మ పనిచేసే యూనిట్లో ఇనుప రాడ్డుతో స్టాండు మీద కొట్టి చెప్పుకుంటారు. ఒకటి కొడితే నీళ్లు వదలాలి. రెండు కొడితే బండ జరపాలి. మూడు కొడితే మిషను ఆపాలి. మూడుకు ఎందుకని అడగకూడదు. ఎవరిదో చెయ్యి ఇరికి ఉంటుంది, అడిగేలోపు పోతుంది. ముందు ఆపాలి, తర్వాతే అడగాలి.

సినిమాలో ఆమె వేషం మా అమ్మ చంద్రవ్వే వేసింది. "నాకు యాక్టింగ్ రాదు బిడ్డా" అంటే, "చెయ్యకు, నీ పని నువ్వు చేసుకో" అన్నాను. షూటింగు కోసం యూనిట్ యజమాని శివశంకర్ సేటును బతిమిలాడాను. "పనికి అడ్డం రావొద్దు, మిషను ఆగొద్దు" అని ఒప్పుకున్నాడు. నేనూ ఆపాలనుకోలేదు. అమ్మ కొట్టడం మిషను నడుస్తుండగా తీసి, ఆగిన మిషనును పొద్దుగూకినాక తీసి, రెండూ ఎడిటింగులో కలుపుదామనుకున్నాను. మిషను దగ్గర ఉండే మొగులప్ప కాకకు ముందే చెప్పాను.

"కాకా, అమ్మ సినిమా కోసం మూడు కొడతది. నువ్వు ఆపకు."

"ఆప బిడ్డా. నాకెర్క లేదా?" అని తల ఊపాడు.

మిగిలిన సీన్లన్నీ ముందురోజు పొద్దుగూకినాకే తీసేశాం. కెమెరా పెట్టాం. అమ్మ రాడ్డు తీసుకుంది. ఒకటి, రెండు, మూడు.

మిషను ఆగిపోయింది.

మొగులప్ప కాక తన చెయ్యి వంక తాను చూసుకుంటున్నాడు. "ఎవలిది? ఎవలి చెయ్యి ఇరికింది?" అని అరిచాడు. తర్వాత గుర్తొచ్చినట్టుంది, నాలిక కరుచుకున్నాడు. "ఆపొద్దనే ఉన్న బిడ్డా. చెయ్యి ఇనలే."

బ్లేడు సగం బండలో ఇరుక్కుని ఉంది. మళ్లీ నడిపితే బండ పగిలింది. సేటు గది లోంచి వచ్చాడు.

"సినిమా సినిమా అని పని బంద్ వెట్టిస్తారు? తియ్యి కెమెరా. చంద్రవ్వా, నువ్వు గూడ కొన్నొద్దులు ఇంటికాడ్నే ఉండు. హీరోయిన్ అయినవ్ గద."

అమ్మకు చెవులు కాస్త మందం. సగమే వినపడింది, కానీ అర్థమైంది. కొంగు దులుపుకుని నాకంటే ముందు గేటు దాటింది.

ఆ రోజు సౌండు రికార్డరు ఆపడం నేను మర్చిపోయాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మూడు దెబ్బలు. ఆ తర్వాత మిషను గొంతు కిందికి, ఇంకా కిందికి, ఇంజను ఛాతీలో గురగురమన్నట్టుగా దిగి దిగి ఆరిపోవడం. ఆ తర్వాత ఏమీ లేదు. ఎక్కడో నీళ్ల చుక్క.

మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. నేను వినే ఎలక్ట్రానిక్ సంగీతంలో ప్రాణమంతా ఇక్కడే ఉంటుంది. బీటు పెరిగి పెరిగి ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. ఊపిరి బిగపడతాం. అప్పుడు అడుగునుంచి బేసు లేస్తుంది. డ్రాప్ అంటారు దాన్ని. ఎనిమిదో తరగతిలో మా చర్చి కీబోర్డు మీద రిథమ్ బటన్లు నొక్కుతూ దొరికిన పిచ్చి ఇది. పాస్టరమ్మ "స్తుతి పాటకు గా దడదడ ఏందే" అని చెవి మెలిపెట్టినా పోలేదు. వికారాబాదులో డిగ్రీ చదివినన్నాళ్లు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఇదే విన్నాను. పాత ల్యాప్‌టాప్‌లో సొంతంగా చెయ్యడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా అమ్మ మూడు దెబ్బలే నా బీటు అయ్యాయి. ఆగిన మిషను నా డ్రాప్ అయింది. దానికోసం అమ్మ పని పోగొట్టుకుని ఇంట్లో కూర్చుంది. సార్ ఢంఢం అన్నది దీన్నే.

*

సరే, ఫ్లూట్ వేశాను. నేను పెద్దల మాట కాదనే రకం కాదు. క్లాసులో ఒకబ్బాయి చక్కగా వాయిస్తే రికార్డు చేసి, నా బీటు మొత్తం తీసేసి, సన్నగా పోనిచ్చాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది.

శనివారం తాండూరు వచ్చాను. మర్నాడు వికారాబాదులో ప్రదర్శన. మా కాలేజీలో డిప్లొమా సినిమాను ముందు అది ఎవరి మధ్య తీశామో వాళ్లకు చూపించాలి. సార్ అక్కడికే వచ్చి మార్కులు వేస్తారు. తాండూరులో పెళ్లిళ్లకు హాళ్లన్నీ పోయాయి. వికారాబాదులో ఒక ఫంక్షన్ హాలు మధ్యాహ్నం దొరికింది.

మా నాన్న బాలప్ప కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. సంగతంతా చెప్పాను.

"సారు చెప్పినట్టు చెయ్యి బిడ్డా. మనింట్ల డిగ్రీ అయింది నువ్వొక్కదానివే. ఇదిగూడ అయితే జర ఫికర్ పోతది. సార్లకు ఎదురు చెప్పేటోళ్లమా మనం?"

"చేసిన నాన్నా. ఫ్లూట్ పెట్టిన."

"మంచిగైంది," అన్నాడు.

తమ్ముడు, అంటే మా చిన్నమ్మ కొడుకు నవీన్‌కుమార్ తన బరాత్ సౌండు పెట్టెల్లో ఒకటి తెచ్చి వాకిట్లో పెట్టాడు. చర్చిలో కీబోర్డు వాడిదే, పెళ్లిళ్లలో డీజే వాడిదే. అమ్మను కూర్చోబెట్టి ఫ్లూట్ సినిమా పెట్టాం. అమ్మ తెర మీద తనను తాను చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తలాడిస్తున్నాడు. ఫ్లూట్ సాగుతోంది. సినిమా అయిపోవచ్చింది.

"పాట ఎప్పుడస్తది బిడ్డా?" అంది అమ్మ.

నాన్న తలాడించడం ఆపాడు.

అమ్మకు చెవులు పూర్తిగా పోలేదు. డాక్టరు చెప్పాడు: మిషను దగ్గర పనిచేసి సన్నటి చప్పుళ్లు పోయాయి, లావు చప్పుళ్లు మిగిలాయి. కుక్కరు కూత వినపడదు. ఫోను మోగితే తెలియదు. రైలు వస్తే నేల మీద కాలు పెట్టి చెప్తుంది. కిందటేడు మా చుట్టాల బరాత్‌లో అందరూ దూరం జరిగితే, అమ్మ ఒక్కతే బేసు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడి, "గిది ఇనవడ్తుంది, మస్తుంది" అని నవ్వింది. ఇవన్నీ తెలిసి కూడా నేను సార్ చెప్పారని ఫ్లూట్ పెట్టుకొచ్చాను.

"నవీన్, రెండోది పెట్టు, నా బీటున్నది," అన్నాను.

అమ్మ లేచి వెళ్లి పెట్టె పక్కన కూర్చుంది. నాన్న నన్ను చూశాడు, పెట్టెను చూశాడు. బయటికెళ్లి బీడీ ముట్టించాడు.

*

ఆదివారం యూనిట్‌కు సెలవు. అమ్మతో పనిచేసే ఆడవాళ్లు, మొగులప్ప కాక, మా చర్చి వాళ్లు రైల్లో వికారాబాదు దిగారు. నవీన్ తన ఆటోట్రాలీ నిండా పెట్టెలు తెచ్చాడు. కాకకు మిషన్లంటే ఇష్టం. వెళ్లి నవీన్ పక్కన, స్విచ్ బోర్డు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. అమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని బేసు పెట్టె పక్క కుర్చీలో కూర్చుంది.

సార్ వచ్చారు. నేను ఎదురెళ్లాను.

"సార్, ఫ్లూట్ వేశాను. కానీ ఇవాళ ఆడించేది అది కాదు. నాదే."

"ఎందుకమ్మా మొండితనం? నీ మంచికే కదా చెప్పాను."

"అవును సార్. మా అమ్మకు ఫ్లూట్ వినపడదు."

"సినిమా మీ అమ్మ ఒక్కతే చూడదు కదా. సరే. ఫలితం నువ్వే చూసుకో." వెళ్లి కూర్చున్నారు. నాన్న చివరి వరుసలో నిలబడి ఉన్నాడు. ఆ వైపు చూడలేదు నేను.

సినిమా మొదలైంది. తమ యూనిట్ కనపడగానే ఆడవాళ్లు ఈలలు వేశారు. "అగో జంగమ్మా, నువ్వే!" "నా మొఖం గట్లనే ఉంటదానే?" కింద నుంచి బీటు పాకుతూ వచ్చింది. కుర్చీలు సన్నగా వణికాయి. సార్ లేచారు. నేరుగా నవీన్ దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పారు. నవీన్‌కు సార్లంటే భయం. సౌండు స్లైడరు కిందికి లాగేశాడు.

తెర మీద బొమ్మ నడుస్తోంది. హాల్లో ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది. నేను తలుపు దగ్గరున్నాను. అక్కడినుంచి కదిలేలోపే అమ్మ పెట్టె మీద అరచెయ్యి తిప్పి తిప్పి పెట్టి చూసింది. వంగి చెవి ఆనించింది. తర్వాత టిఫిన్ డబ్బా మూత ఊడదీసి, ఎదుటి ఇనుప కుర్చీ మీద కొట్టింది.

ఒకటి, రెండు, మూడు.

తెర ఆరిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నారు సార్ చీకట్లో.

"లేదు సార్, నేనే ఆపిన," అన్నాడు మొగులప్ప కాక. ఆయన చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది.

"ఎందుకు ఆపావయ్యా?"

"మూడు కొట్టిన్రు సార్."

"కొడితే?"

"ఆపాలె."

ఎవరో కిటికీ పరదా లాగారు. వెలుతురు పడింది. కాక లేచి గాబరాగా చుట్టూ చూశాడు. "ఎవలిది? ఎవలి చెయ్యి ఇరికింది?"

అమ్మ డబ్బా మూత పట్టుకుని నిలబడింది. చెవులు వినపడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడింది. "ఎవలి చెయ్యి లేదు, ఏం లేదు. సౌండు పాయె. మొదటికెళ్లి పెట్టుండ్రి."

జంగమ్మ పకపకా నవ్వింది. "సేటు ఇంట్ల గూర్సోవెట్టినా బుద్ధి రాలే దీనికి!"

నేను నవీన్ బల్ల దగ్గరికి వెళ్లి స్లైడరు మీద చెయ్యి పెట్టాను. సార్ పక్కనే ఉన్నారు. ఆయన మొహం ఎర్రబడింది.

"జ్యోతిరాణీ, నేను పాస్ చెయ్యనని చెప్పాను. గుర్తుంది కదా?"

"గుర్తుంది సార్. మార్కులు ఎన్ని వెయ్యాలో మీరే వెయ్యండి. మళ్లీ తియ్యమంటే మళ్లీ తీస్తాను. అప్పుడు కూడా ఈ సౌండే ఉంటుంది. దీని మీద మాత్రం మిమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వను."

చివరి వరుసలోంచి నాన్న నడిచొచ్చాడు. నన్ను అక్కణ్నుంచి లాక్కెళ్తాడేమో అనుకున్నాను. సార్‌కు నమస్కారం పెట్టి, "గీడ కూసోండ్రి సార్, మంచిగ కనవడతది," అని ఒక కుర్చీ తుడిచి వేశాడు. ఆ కుర్చీ బేసు పెట్టె పక్కన, అమ్మకు ఇవతల ఉంది.

సార్ కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు.

పరదా వేశారు. కాక స్విచ్ వేశాడు. సినిమా మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఈసారి స్లైడరు నా చేతిలో ఉంది. బీటు పాకింది, పెరిగింది, హాలు రేకులు గలగలమన్నాయి. తెర మీద అమ్మ రాడ్డు ఎత్తింది. కుర్చీలో అమ్మ పెట్టె మీద అరచెయ్యి పరిచింది.

ఒకటి, రెండు, మూడు.

పక్కనుంచి మొగులప్ప కాక చెయ్యి స్విచ్ మీదికి లేచింది. నవీన్ గబుక్కున ఆ మణికట్టు పట్టుకున్నాడు. "కాకా, గది సినిమాల కొట్టింది!"

"మూడు కొడితే ఆపాలె గదరా!"

"ఆపొద్దు కాకా," అన్నాను, స్లైడరు పైకి తోస్తూ.