సహవేలులో ఆగని రైలు

మా అంబోదిసువా నుంచి సముద్రం వైపు వెళ్ళడానికి రైలు పట్టాలు తప్ప వేరే దారి లేదు. అడవి, కొండ, ఏరు, మళ్ళీ కొండ. ఈ లైను మీద పిల్లనివ్వడమంటే రైలును నమ్మి ఇవ్వడమే. బాహోలి తల్లిదండ్రులు చిన్నకూతురు లలావును అలాగే, సొరంగాలకు అవతల ఉన్న సహవేలులో బెజారాకు ఇచ్చారు.

బాహోలి మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. భర్త త్వరగా పోయాడు, పిల్లలు లేరు. ఏటి రొయ్యలు ఉడకబెట్టి, ఆకుల్లో చుట్టి, ప్యాసింజరు కిటికీల దగ్గర అమ్మేది. అక్కాచెల్లెళ్ళ మధ్య కబుర్లు మోసేది ఆ బండి గార్డు మారులాహి.

"మిరియాల తీగ కాపుకొచ్చిందట. నీ నడుం నెప్పి తగ్గిందా అని అడగమంది" అనేవాడు, బండి ఇంకా ఆగకుండానే.

"తగ్గలేదని చెప్పు. ఈ అరటిగెల కూడా ఇచ్చెయ్."

"నేను గార్డునా, మీ ఇంటి పాలేరునా?" అని విసుక్కుంటూనే గెల లోపలికి లాక్కునేవాడు.

ఒక ఏడు తుపానుకు కొండచరియ విరిగి లైను మీద పడింది. మట్టి తీసేసరికి ఏడాది గడిచింది. పట్టాలైతే బాగయ్యాయి కానీ ప్యాసింజరు మళ్ళీ రాలేదు. దాని పాత ఇంజను షెడ్డులోనే మూలపడిందన్నారు. మారులాహి కొండ మీది పట్నానికి, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ప్యాసింజరు బదులు తెల్లటి రైలు బస్సొకటి వచ్చింది. పెద్ద పెద్ద అద్దాలు, లోపల మెత్తటి సీట్లు. మా అడవి చూడ్డానికి దేశాలు దాటి వచ్చే పరదేశుల కోసం, మా మాటలో వజాహల కోసం అది. మా ఊరి జలపాతం దగ్గర ఫొటోల కోసం ఆగుతుంది, తర్వాత భోజనాలకు కింద పెద్ద స్టేషన్లో ఆగుతుంది. మధ్యలో ఎక్కడా ఆగదు.

బాహోలి అయినా బుట్ట పట్టుకుని వెళ్ళేది. వాళ్ళు ఆమెను ఫొటో తీసుకునేవారు కానీ రొయ్యలు కొనేవారు కారు. తిండి డబ్బాల్లో తెచ్చుకునేవారు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు?" అంటే, "ఇంట్లో కూచుంటే గోడలతో మాట్లాడాలి" అనేది.

చెల్లెలి కబురు తెలిసి చాలాకాలమైంది. పట్టాలెంట నడిచి వెళ్ళొచ్చు. కానీ సొరంగాల్లో చీకటి, ఏటి మీద వంతెనకు పలకలు ఊడిపోయి ఉన్నాయి. ఒంటరి ఆడమనిషి. ఇవాళ, రేపు అనుకుంటూ ఊరుకుంది.

ఒకరోజు రైలు బస్సు గైడు ఫనీరి ఆమె దగ్గరికొచ్చాడు. పట్నం కుర్రాడు, మాటకారి.

"పెద్దమ్మా, నీకు పాటలొచ్చా?"

"నాట్ల పాటలు రాని ఆడది ఈ ఊళ్ళో ఉందా?"

"అయితే ఎక్కి కూచో. వీళ్ళకు రెండు పాటలు పాడు. సంబరపడతారు."

"సహవేలులో దింపుతావా?"

"అక్కడ ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది. భోజనాల స్టేషన్లో దిగి వెనక్కి నడుచుకుంటూ పో. ఆ ముక్క దారి బానే ఉంది, సొరంగాల్లేవు."

బాహోలి పరుగున ఇంటికెళ్ళి, ఎండు రొయ్యలు మూటగట్టి, ఉతికిన గుడ్డ భుజాన వేసుకుని, కొత్త గడ్డి టోపీ పెట్టుకుని వచ్చింది. ఆమె ముఖం అలా వెలగడం మేము చూసి ఎన్నాళ్ళయిందో.

బండి కదిలింది. బాహోలి పాడింది. చిన్నప్పుడు లలావుతో కలిసి మడిలో పాడిన పాటే. బావ బురదలో జారిపడ్డాడనీ, కప్పలన్నీ పకపకా నవ్వాయనీ. మాటలు అర్థం కాకపోయినా వజాహలు చప్పట్లు కొట్టారు. చెల్లెల్ని చూడబోతున్నానన్న సంతోషంలో ఆమె చేతులూపుతూ, భుజాలు ఎగరేస్తూ మరింత గట్టిగా ఎత్తుకుంది. చివరి సొరంగం దాటి బండి వెలుగులోకి వచ్చింది. సహవేలు.

ప్లాట్‌ఫారం మీద లలావు నిలబడి ఉంది. ఒక్కతే. జడలు విప్పేసి, నూనె లేని జుట్టు భుజాల మీద పడి ఉంది.

మా వైపు ఆడది జడలు విప్పేది మగడు పోయినప్పుడే.

చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. బాహోలి అద్దానికి రెండు చేతులూ ఆనించింది. కిటికీ తెరుద్దామని చూసింది, తెరుచుకునేది కాదు. అరిచింది. ఇది కూడా పాటలో భాగమే అనుకుని ఒకావిడ ఫొటో తీసింది. లలావు చూసింది. చెయ్యి ఎత్తలేదు. బండి వంపు తిరిగింది.

పెద్ద స్టేషన్లో దిగి బాహోలి వెనక్కి నడిచింది. ఎండ వాలేసరికి సహవేలు చేరింది. లలావు ఇంటి ముందు దంపుడు రోటి దగ్గర ఉంది.

"వచ్చావా అక్కా" అంది, రోకలి ఆపకుండానే. "పాట బాగా పాడావు."

"అద్దాలు మూసున్నాయి కదే. వినబడిందా?"

"వినబళ్ళేదు. నోరు కనబడింది."

బాహోలి మూట కింద పెట్టింది. "బెజారా ఎప్పుడు పోయాడే?" అని అడిగింది.

"వానలు వెనకబట్టాక. జ్వరం. కబురు పంపుదామంటే ఎవరితో పంపను? అప్పట్నించీ ఆ తెల్లబండి వచ్చినప్పుడల్లా వెళ్ళి నిలబడతన్నా. నీ ఊరి మీదుగా వస్తది కదా అని. ఇవాళ నువ్వే ఉన్నావు దాన్లో. నవ్వుతా."

"నాకు తెలవదే లలావూ."

"తెలవదని తెలుసు. అయినా కళ్ళు చూసేశాయి, ఏం చెయ్యను?"

గుమ్మంలో కూచున్న లలావు అత్తగారు, ఏడుపింటి ముందు పాడిన నోరు కడుక్కోకుండా లోపలికి రాకూడదంది. బాహోలి వాగుకు దిగి, నోరు పుక్కిలించి, అక్కడే ఒక రాయి మీద కూచుని ఏడ్చింది. లలావు కడవ పట్టుకుని వచ్చి, నీళ్ళు ముంచుకుని, పక్కన నిలబడింది.

"లే అక్కా. అన్నం చల్లారిపోద్ది."

మర్నాడంతా ఇద్దరూ కలిసి వడ్లు దంచారు. రోకళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి.

"నాతో వచ్చెయ్యి" అంది బాహోలి.

"ఆయన సమాధి ఇక్కడ. పిల్లల పొలం ఇక్కడ. నువ్వే ఉండిపో."

అత్తగారు లోపల గిన్నెలు గట్టిగా కదిపింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ విన్నారు.

ఆ మరుసటి పొద్దున బాహోలి, ఇక ఆ తెల్లబండి ఎక్కనని, పట్టాలెంట మా ఊరి వైపు బయలుదేరింది. లలావు మొదటి సొరంగం దాకా వచ్చి, వెదురు దివిటీ వెలిగించి అక్క చేతికిచ్చింది. "వంతెన మీద కిందికి చూడకు" అంది. అంతే, వెనక్కి తిరిగింది.

దివిటీ సగం దారిలోనే ఆరిపోయిందట. మిగిలినదంతా గోడ తడుముకుంటూ వచ్చానని మాతో చెప్పింది. వంతెన మీద మోకాళ్ళ మీద పాకిందట.

తర్వాత ఫనీరి మళ్ళీ బండెక్కి పాడమని రెండుమూడుసార్లు అడిగాడు. "గొంతు పోయింది బాబూ" అనేది. గొంతు పోలేదని మాకు తెలుసు. కానీ ఆ ఏడు నాట్లప్పుడు, మేమంతా వంగి పాడుతుంటే, బాహోలి మా వరసలోనే ఉండి నారు పెడుతూ పోయింది, పెదవి మాత్రం కదపలేదు. నాట్లు అయ్యాక ఎండు రొయ్యలు మూటగట్టుకుని, రెండు దివిటీలు చంకన పెట్టుకుని, సొరంగం వైపు ఒక్కతే నడిచి వెళ్ళింది.