బంతిపూల పటము

“పైకప్పుకి ఏలాడదీసిన ఉయ్యాలంట, కాళ్ళకింద అగాధమంట! ఏటైనా అయితే మీ నాన్నకి నానేటి సెప్పుకోవాలే?”

అని నూకరత్నము లిఫ్టు తలుపు తెఱచుకొనకమున్నే తన యేకైక పుత్రిక తన్మయి మణికట్టును బిగియబట్టి పలికెను.

“అది బొమ్మమ్మా. గొయ్యి కాదు, రంగులేసిన నేల. ఇంకా లోపలికే వెళ్ళలేదు, అప్పుడే చంపేస్తున్నావు నన్ను.”

“నోర్ముయ్యి! పుట్టిన్రోజు పూట ఏటా మాటలు!”

అది యాశ్వయుజ మాసము. వర్షావసానమున కడిగి బోర్లించిన వెండిపళ్ళెరమువలె నిర్మలమైన యాకాశమునుండి జాలువాఱు శరత్కాలసూర్యప్రభ విశాఖసాగరతరంగములపై బడి వేలకొలది యద్దపుపెంకులై చెదరుచుండ, నవరాత్రిదినములగుటచే వీధివీధిని రాశులుపోసిన బంతిపూల సౌరభమును పందిళ్ళలోని మైకుల ఘోషయు గాలిలో గలసి నగరమెల్ల నుత్సవవేషము దాల్చియుండ, సముద్రమున కభిముఖముగా నున్న యొక వాణిజ్యసౌధపు నాలుగవ యంతస్తునకు ఆ తల్లియు కూతురును వచ్చిరి. అచ్చట క్రొత్తగా వెలసిన వింతశాలను జనులు సెల్ఫీ మ్యూజియమని వ్యవహరింతురు. అందు చూడదగిన పురావస్తు వొక్కటియు లేదు. చూడవచ్చినవారే అచ్చట చూడబడువారు. తలక్రిందుగా బిగించిన వంటయిల్లును, రెక్కలు మాత్రముండి పక్షిలేని గోడయు, నీరులేని స్నానపుతొట్టెయు, ఎవరికివారు తమ్ముదాము చిత్రించుకొని లోకమునకు జూపుటకై సిద్ధపఱచిన మాయారంగములు.

నూకరత్నము ఏడవ తరగతితో చదువు చాలించిన యిల్లాలు. ఆమె భర్త పైడిరాజు పదునెనిమిది సంవత్సరములుగా పాడేరు కొండదారిని ఆర్టీసీ బస్సు నడుపుచున్నవాడు. మగడు లోయల యంచున తిరుగువాడగుటచేతనో పుట్టుకతో వచ్చిన గుణమో గాని, ఆ యిల్లాలికి లోకమునందలి ప్రతివస్తువును ప్రాణాపహారిగానే తోచును. కుక్కరు కూసినచో పేలునేమో యని, కూతురు బడినుండి పది నిమిషము లాలసించినచో లారీ క్రింద బడెనేమో యని, ఎవ్వరును ఫోను చేయకున్నచో చెప్పరాని వార్త యేదో దాచుచున్నారేమో యని కంపించును. అక్షరములు వెదకి వెదకి నొక్కుట యామెకు శ్రమ. అందుచే కూతురితో ఎచ్చటికేగినను క్షేమమునకు గుర్తుగా ఒక్క ఫోటో తీయించి మాట లేకుండ కుటుంబపు వాట్సాప్ గ్రూపున పెట్టును. పైడిరాజు కొండపైన టీ కొఱకు బస్సు నిలిపినప్పుడు దానిని చూచి బొటనవ్రేలి గుర్తు పంపును. ఇది ఆ దంపతుల నడుమ ఏండ్లుగా నడచుచున్న మాటలులేని సంభాషణము.

లోపల మొదటి గదిలో నేలపై చిత్రించిన అగాధమొకటి యుండెను. పగిలిన పలకల నడుమ ఎఱ్ఱని నిప్పుల నది ప్రవహించునట్లు వ్రాసిరి. తన్మయి దానిపై గంతులువేయుచుండ నూకరత్నము గుండెలు బాదుకొనుచు కేకవేసెను. తుదకు తానును దాటవలసివచ్చినప్పుడు చీర కుచ్చిళ్ళు పట్టుకొని చతికిలబడి నేలమీదనే ప్రాకుచు ఆవలికి జేరెను. వెనుకనున్నవారు ఇరువురు ముగ్గురు ఆ దృశ్యమును ఫోనులలో బట్టుకొని నవ్విరి.

“నవ్వండి, నవ్వండి. మీ అమ్మలైతే తెలుస్తాది” అని యామె మోకాళ్ళు దులుపుకొనెను.

“అమ్మా, నువ్వే ఇక్కడ అందరికన్నా బాగున్నావు. టిక్కెట్టు డబ్బులు వచ్చేశాయి నాకు.”

అనంతరము వారొక మందిరమున బ్రవేశించిరి. నల్లని వెల్వెట్టు తెరకు ముందు నిలువెత్తు బంగారురంగు చట్రము. దానిపైనుండి ఇరుప్రక్కల ముద్దబంతిదండ నిండుగా వ్రేలాడుచుండెను. అచ్చటి ఉద్యోగిని, మెడలో కార్డు ధరించిన నడివయస్సు స్త్రీ, మధురముగా పలికెను.

“ఇది దసరా స్పెషల్ మేడమ్, రాజకుమారి ఫ్రేమ్. పాప లోపల నిలబడి నవ్వకుండా తిన్నగా చూడాలి, పాతకాలం పెయింటింగ్‌లా వస్తుంది. పేరు చెప్పండి, కింద ప్రింట్ చేసి ఫోన్‌కే పంపుతాం.”

తన్మయి చట్రమున నిలిచెను. రెప్పపాటులో చిత్రము సిద్ధమయ్యెను. నూకరత్నము కన్నులజోడు ఇంటియందు మఱచివచ్చెను. చేతిలోని చిన్న తెరపై ఆమెకు గోచరించినది బంగారుకాంతియు పసుపువన్నెయు నడుమ దన కూతురి ముఖచంద్రబింబమును మాత్రమే.

“రాణీనాగున్నాది నా తల్లి. మీ నాన్న సూస్తే మురిసిపోతాడు” అని యామె తన చేతులారా దానిని గ్రూపునకు బంపెను. పిమ్మట రంగుబంతుల కొలనులోనికి దిగుటకై చేసంచిని ఫోనుతోగూడ బల్లయొద్ద నప్పగించి, ప్లాస్టికు బంతులలో బిడ్డ యెక్కడ మునిగిపోవునో యని యరగంటసేపు ఆమె చేయి విడువక కూర్చుండెను.

సంచి మరల చేతికి వచ్చునప్పటికి ఫోను మ్రోగుచుండెను. పైడిరాజు అక్క గౌరమ్మ అనకాపల్లినుండి పిలుచుచున్నది. చెవినుంచుకొనినంతనే ఆవలినుండి గుండెలు చీల్చు రోదనము వెలువడెను.

“ఓలమ్మో నూకరత్నం! ఎప్పుడైపోనాదే? ఏటైపోనాదే పిల్లకి? నిన్న సాయంత్రం నాతోటి మాటాడిందే!”

“ఎవులకొదినా? ఏటంతన్నావు?”

“తన్మయికే! దండేసిన పటం నువ్వే కదే పెట్టినావు! కింద పేరు, తారీకు… తమ్ముడు నాకు ఫోను సేసి ‘అప్పా, పిల్ల’ అన్నాడు, మరి మాటాడనేక పెట్టేసినాడు. మళ్ళీ సేస్తే ఎత్తట్లేదు.”

“పిల్ల నా పక్కనే ఉన్నాదొదినా! బతికే ఉన్నాది!” అని నూకరత్నము అఱచిన యఱపునకు కొలనులోని పిల్లలందఱును నిశ్చేష్టులైరి.

తన్మయి ఫోనును లాగికొని చిత్రమును వ్రేళ్ళతో పెద్దదిచేసి తల్లి ముఖమున కెదురుగా నిలిపెను. అప్పుడు గదా ఆ తల్లి తాను పంపినదేమో చూచెను! నల్లని తెర. బంగారు చట్రము. ఇరుప్రక్కల బంతిదండ. నడుమ నవ్వులేని ముఖముతో రెప్పవాల్చక చూచుచున్న పదునాఱేండ్ల బాలిక. క్రింద బంగారు అక్షరములతో “తన్మయి, మధుర స్మృతి” యనియు ఆనాటి తేదియు. తెలుగునాట ఏ యింటి గోడపై వ్రేలాడు ఏ పటమునకు అట్టి దండ వేయుదురో చెప్పబనిలేదు. నూకరత్నమునకు కాళ్ళక్రింది నేల, చిత్రించిన నేల కాదు, నిజమైన నేలయే, జాఱిపోయినట్లయ్యెను.

భర్తనుండి మూడు పిలుపులు వచ్చి తప్పిపోయినట్లు తెర చూపుచుండెను. చిత్రమును చూచినట్లు గుర్తుగా జంట గీతలు నీలవర్ణము దాల్చియుండెను. పదునొకండున్నరకు అతడు కొండపైన బస్సు నిలుపును. పదునొకటి నలుబదియైదుకు మలుపులు దిగనారంభించును. ఇప్పుడు గంట పదునొకటి యేబది.

“నాన్న బస్సు తీసేసుంటాడా అమ్మా?” అని తన్మయి యడిగిన కంఠము ఆమె కంఠమువలె నుండలేదు.

నూకరత్నము పిలిచెను. చాలసేపు మ్రోగి యాగిపోయెను. మరల పిలిచెను. మూడవసారి అందుబాటులో లేరని యంత్రస్త్రీ కంఠము పలికెను. తన్మయి “నాన్నా నేను బాగున్నాను, అది ఉత్త ఫోటో” అని వ్రాసి పంపెను. ఒంటిగీత మాత్రము నిలిచెను. రెండవది రాలేదు.

సంగతి విన్న ఉద్యోగిని ముఖము వెలవెలబోయెను. “మొన్ననే డెకరేషన్ చేశామమ్మా. అందరూ బాగుందన్నారు” అనుచు ముక్కాలిపీట తెచ్చి దానిపై నెక్కి తన చేతులతో ఆ దండను విప్పివేసెను. చిత్రమునకై వరుసలో నిలిచిన దంపతులు తమ చంటిబిడ్డను పైటక్రింద దాచికొని మఱియొక గదికి తొలగిపోయిరి.

తలక్రిందుల వంటయింటి యెదుటనున్న బల్లపై తల్లీకూతుళ్ళు కూర్చుండిరి. అందు జనులు చేతులు నేలపై నుంచినట్లు నటించుచు కేరింతలు గొట్టుచుండిరి. నూకరత్నము కన్నులకు ఆ గదిలోని కుర్చీలు కుర్చీలుగా గన్పట్టలేదు. లోయలో తలక్రిందైన బస్సు సీట్లుగా గన్పట్టెను. ఆ బస్సులో సంతకు బోవు గిరిజనస్త్రీలుందురు, పసిపిల్లలుందురు, చక్రమును బట్టిన యొక తండ్రి యుండును.

ఇన్నియేండ్లుగా ఆ యిల్లాలు లెక్కలేని యాపదల నూహించెను. అగ్ని నూహించెను, విద్యుత్తు నూహించెను, పాముల నూహించెను, త్రాగి నడపు లారీవారి నూహించెను. ఆ యాపదల నన్నిటి నెవ్వరో తెచ్చిపెట్టుచుండిరి. ఒక్కదానినైనను తన చేయి తెచ్చిపెట్టినట్లు ఆమె యెన్నడును ఊహించి యుండలేదు. భయము బయటివాకిటనే కాపుండును. ప్రేమతో చాచిన చేతివైపు అది తిరిగి చూడదు.

“ఆయనకేటైనా అయితే నా సేత్తోనే సంపుకున్నట్టే” అని యామె అరచేతిని చూచుకొనుచు మెల్లగా ననెను.

“అలా అనకమ్మా. నేనే కదా నిలబడ్డాను అందులో.”

మరల పిలిచిరి. మరల అదే యంత్రకంఠము. ఎన్నిసార్లు పిలిచిరో వారే యెఱుగరు. పండ్రెండు దాటిన పిమ్మట ఒకసారి గంట మ్రోగెను. మ్రోగి మ్రోగి యాగబోవు తరుణమున అవతల ఎవరో ఎత్తిరి.

“ఏమయ్యా! పిల్ల బాగున్నాదయ్యా! అదొట్టి బొమ్మల కొట్టులో తీసిన ఫోటో! కళ్ళజోడు నేక పంపేసినాను. నన్ను తిట్టు, కొట్టు, ఏటైనా అను. ఒక్క మాట అను!”

ఆవలినుండి ఇంజనుసద్దు లేదు. కొండగాలి యీల మాత్రము వినవచ్చెను. దూరమున ఒక ముదుసలి “డ్రైవరు బాబుకి నీళ్ళియ్యండర్రా, మెట్టుమీద కూకోబెట్టండి” అనుచుండెను. బస్సు నిలిచియున్నది. ఏ మలుపున నిలిచెనో, ఎట్లు నిలిచెనో, తెలియదు. నూకరత్నము ఫోనును కూతురి చేతిలో నుంచెను.

“నాన్నా” అనెను తన్మయి.

“నాన్నా, నేనే. నాకేం కాలేదు.”

తలక్రిందుల వంటయింటిలో కేరింతలు మిన్నుముట్టెను. సముద్రమువైపు గవాక్షమునుండి ఎండ వచ్చి ఆ బాలిక పాదములపై బడెను. కొండపైని గాలియు పట్టణములోని కోలాహలమును ఒక్క చిన్న పరికరమున కలిసికొని రెండును ఓడిపోయినట్లుండ, అఱువది మైళ్ళ దూరమున ఒక పురుషుడు ఊపిరి పీల్చుటయు విడుచుటయు, మరల పీల్చి విడువలేకపోవుటయు తన్మయి చెవికి స్పష్టముగా దెలియుచుండెను. ఆమె ఏడ్వకుండుటకై పెదవి కొఱికికొని యెదురుచూచెను. నూకరత్నము కూతురి భుజముపై తలయానించి తానును వినుచుండెను.

అప్పుడు పైడిరాజు పలికెను.

“ఇంకోపాలి నాన్నా అని పిలు తల్లీ.”