బెల్టు మారితే చాలు

"ఆ ఎర్రకారుకి పైన ఒక్కటే సోకు. మూత ఎత్తితే లోపలంతా మసే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఒక్కరికీ గుడ్డ పట్టుకునే ఓపిక లేదు" అని ఎదురింటావిడ పక్కింటావిడతో అన్నదట. పక్కింటావిడ ఆ మాటను చల్లారనివ్వకుండా మోసుకొచ్చి అత్తగారి చెవిలో వేసింది. "నాకెందుకు గానీ, చెప్పకపోతే బాగుండదని" అని ఓ ముక్క తగిలించి మరీ వెళ్లింది.

అత్తగారికి ఒళ్లు మండిపోయింది. కిరసనాయిలు సీసా, చిరిగిన బనీనూ పట్టుకుని షెడ్డులోకి నడిచింది.

ఆ షెడ్డు కోసమే ఇంట్లో రోజూ రభస. కోడలు బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్లు ముందుగదిలోనే ఉన్నాయి కాబట్టి అన్నంలో దారప్పోగులు, మంచం మీద కత్తెరలు. ఈమధ్య స్కూలు యూనిఫారాల పని ఒప్పుకుంది. ఆదివారం ఇంకో మూడు మిషన్లు వస్తాయి. షెడ్డు ఖాళీ కాకపోతే వాటిని నెత్తిన పెట్టుకోవాలి, లేదా వచ్చిన పనిని వదులుకోవాలి.

షెడ్డులో కోడలి మొగుడిగారి కారు. రెండే సీట్లు, నేలకు కరుచుకున్నట్టు పొట్టిది, ఒకప్పుడు గాలిలో దూసుకుపోయిన రకం. ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. "బెల్టు మారితే చాలు, తీసుకెళ్లి మీ అన్న గ్యారేజీలో పెట్టేస్తా" అని పెళ్లానికి మాటిచ్చాడు. ఫ్యాను బెల్టు మార్చాడు. తర్వాత డైనమో బెల్టు కీచుమంటోందని అదీ మార్చాడు. ఇప్పుడు ఇంజను ముందుండే పళ్ల బెల్టు విప్పి కూర్చున్నాడు.

"ఇది నడిచేటప్పుడు తెగిందనుకో, లోపల ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజనే పోతుంది. తెలుసా?"

"తెలీదు. నాకు తెలిసింది ఆదివారం ఒక్కటే" అంది కోడలు.

విప్పేముందు పై చక్రం మీదా, కింది చక్రం మీదా, ఇంజను ఒంటి మీదా తెల్లరంగుతో గీతలు పెట్టుకున్నాడు. కొత్త బెల్టు ఎక్కించేటప్పుడు గీతకి గీత కలవాలి.

ఆ సాయంత్రం అతను ఆఫీసునుంచి వచ్చి మూత ఎత్తి చూస్తే ఇంజను అద్దంలా మెరిసిపోతోంది.

"అమ్మా! నా గీతలేవి?"

"ఆ తెల్ల మరకలా? ఎంత తోమినా పోలేదురా, చివరికి గోటితో గీకాను."

"చక్రాలు గాని కదిలించావా?"

"కదిలించకపోతే వెనకవైపు ఎలా తుడుస్తాను? గట్టిగా ఉన్నాయి. నేనే బలం పెట్టి తిప్పాను."

అతను తల పట్టుకుని బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా ఒక్క గుడ్డతో తుడిచేశావు కదమ్మా! ఇంకేం ఆదివారం? నెల పడుతుంది. రెండు నెలలైనా పడుతుంది."

"తుడవకూడదని రాసి చావొచ్చు కదరా!" అని అత్తగారు ముక్కు చీదింది.

కొడుకు లోపలికెళ్లి కాళ్లు చాపుకుని కాఫీ తాగాడు. ఆ కప్పు ఖాళీ అయ్యేలోపే కోడలు వాళ్లన్నకి ఫోను చేసింది.

అన్న మెకానిక్కు. వస్తూనే ఇంజను చూసి, "ఎవరండీ, ఇంత బాగా కడిగింది? మా గ్యారేజీకి పంపించండి, జీతమిస్తా" అన్నాడు.

"వెక్కిరించు నాయనా, నువ్వూ వెక్కిరించు" అంది అత్తగారు.

"గీతలు పోయాయి బావా, ఏం చేసినా లాభం లేదు" అన్నాడు కారు యజమాని, కాస్త దూరంనుంచే.

"నువ్వు గీసినవి పోయాయి. తయారుచేసినవాడు కొట్టిన గాట్లు ఎక్కడికి పోతాయి? మసి పోయాక ఇంకా బాగా కనబడుతున్నాయి."

అన్న చక్రాల్ని మెల్లగా, ఎక్కడైనా తగులుతోందా అని చెవి పెట్టి, గాట్ల దగ్గరికి తెచ్చాడు. కొత్త బెల్టు ఎక్కించి, బిగించే చక్రాన్ని సరిచేశాడు. స్పానరు పట్టుకుని చేత్తోనే ఇంజన్ని రెండు చుట్లు తిప్పి చూశాడు. ఒక పన్ను తేడా వచ్చింది.

"చూశావా? చెప్పానా?" అన్నాడు కొడుకు, గబుక్కున ముందుకొచ్చి.

"చూశాను, జరుగు" అని మళ్లీ విప్పి మళ్లీ వేశాడు. ఈసారి గాటుకి గాటు కలిసింది. బెల్టుని రెండు వేళ్లతో మెలితిప్పి బిగువు చూసుకుని, తాళం తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి, మూడోసారికి కమ్మగా అందుకుంది. కోడలు కళ్లు తుడుచుకుని, మెడలోని టేపు తీసి షెడ్డు గోడ కొలవడం మొదలుపెట్టింది.

కొడుకు మాత్రం టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అన్న చేతులు తుడుచుకుంటూ మేకుకి వేలాడుతున్న పాత బెల్టు అందుకున్నాడు. వెనక్కి వంచాడు, లోపలికి వంచాడు. ఒక్క పగులు లేదు. వీపు మీది అక్షరాలు కూడా చెరగలేదు.

"ఇది కొత్తది కదా బావా! అమ్మినవాడు వేయించే ఇచ్చాడు. దీన్నెందుకు విప్పావు?"

కోడలి చేతిలో టేపు ఆగిపోయింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న అత్తగారు బనీను గుడ్డని మడత పెడుతూ తలెత్తకుండానే చెప్పింది:

"షెడ్డు ఖాళీ చెయ్యడం ఇష్టం లేక విప్పాడు నాయనా. నేను తుడవకపోతే ఆ గీతలు వాడే తుడిచేసేవాడు."