పంపే వైపు

మా తోడల్లుడూ నేనూ ఒకే కంపెనీలో డిష్‌లు బిగిస్తాం. సెల్ సిగ్నల్ అందని చోట్లకి ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇవ్వడం మా పని. ఈమధ్య సూపర్‌వైజర్ కుర్చీ ఒకటి ఖాళీ అయింది. నెలాఖరు దాకా ఎవరి లింకులు తక్కువసేపు తెగితే కుర్చీ వాళ్ళదే అన్నాడు పెద్దసారు. ఇక ఒక్క రోజే మిగిలింది. నాది ఒక్కసారి, గంటసేపు తెగింది. వాడివి అసలు తెగలేదు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నా దగ్గరే పని నేర్చుకున్నవాడు, రేపటి నుంచి నాకు సెలవు మంజూరు చేస్తాడన్నమాట! కడుపు మండిపోయింది.

వాడికో జబ్బుంది. మోడెం పాస్‌వర్డ్ మార్చడు. ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిందే ఉంచేస్తాడు. “తర్వాత వచ్చే మనవాడు తంటాలు పడకూడదు కదన్నయ్యా” అంటాడు. ఆ అలవాటు నేర్పింది నేనే, అది వేరే సంగతి.

పొద్దున్నే ఆఫీసులో కూర్చుని, కొండమీది ఆసుపత్రిలో వాడు బిగించిన మోడెంలోకి వెళ్ళాను. తాళం లేని ఇంట్లోకి దూరినంత సులువు. వాడు సరిచేసుకోకుండా ముందు పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత ఉపగ్రహానికి సిగ్నల్ పంపే వైపు ఆఫ్ చేశాను. రెండుసార్లు, గంటేసి చొప్పున తెగితే చాలు. ఎవడికీ తెలీదు. టీ తెప్పించుకుని హాయిగా తాగాను.

గంట తర్వాత ఆన్ చేద్దామంటే మోడెం పలకలేదు. అప్పుడు వెలిగింది నా బుర్రకి. పంపడం ఆపేసిన మోడెం నాకు మాత్రం జవాబెలా ఇస్తుంది? ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది! ఇక అక్కడికి వెళ్ళి, కేబుల్ పెట్టి, నేనే ఆన్ చెయ్యాలి. ఏడు గంటల ప్రయాణం.

జీపెక్కుతుంటే మా ఆవిడ ఫోన్.

“చెల్లికి నెల ముందే నొప్పులొచ్చాయండీ. తెల్లవారుజామున కొండమీది ఆసుపత్రిలో చేర్చారట. బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడ నర్సొక్కతే ఉంది, పట్నం డాక్టరమ్మ వీడియోలో చెబుతుంటే చేస్తోందని మీ తోడల్లుడు చెప్పాడు. ఇప్పుడేమో ఎంత చేసినా కలవడం లేదు!”

చూస్తానన్నాను. దారంతా డ్రైవర్ని తిట్టాను.

సాయంత్రం చేరేసరికి వాడు డాబా మీదున్నాడు, చేతిలో స్పానరుతో. గాలికి డిష్ కదిలిందేమోనని బోల్టులు విప్పి పొద్దుట్నుంచీ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడట. వేళ్ళు చిట్లి రక్తం కారుతోంది.

“బిడ్డ దక్కలేదన్నయ్యా. మోడెం నన్ను లోపలికే రానివ్వలేదు. ఏం తప్పు చేశాను నేను?”

డిష్ వైపు చూస్తూ అన్నాను.

“ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంచావుగా. ఎవడో వెధవ దూరి చెడగొట్టాడు. ఇన్నేళ్ళ నుంచి పని చేస్తున్నావు, తాళం వెయ్యాలని తెలీదూ?”

వాడు స్పానరు కింద పెట్టేసి, డిష్ పక్కనే కూలబడ్డాడు.

కిందికి దిగి, కేబుల్ పెట్టి పంపే వైపు ఆన్ చేశాను. లోపల మా మరదలు గోడకేసి తిరిగి పడుకునుంది. నా అడుగుల చప్పుడికి ఇటు తిరిగింది. కిటికీలోంచి అంతా విన్నట్టుంది.

“బావా, తప్పు ఆయనదేనా?”

“అవునమ్మా” అన్నాను.

కుర్చీ నాకే వచ్చింది. ఆ రోజు నుంచి మరదలు మొగుడితో మాట్లాడటం లేదు. వాళ్ళింటికి వెళ్తే మాత్రం, ఏడు గంటలు పడి వచ్చిన బావనని, నాకు తనే మంచినీళ్ళు తెచ్చిస్తుంది. గ్లాసు అందుకుంటాను. తాగుతాను.