ఒంటివేలికి వంకర బంతి

నన్ను క్యాచర్‌ని చేసింది దేవుడు కాదు, నొల్బెర్తో. మా ఊరు కొన్సువేలోలో పిల్లల బేస్‌బాల్ లీగుకి ఉన్న బంతులూ గ్లవ్‌లూ వాడివే. వాళ్ళ నాన్న చక్కెర మిల్లు మేనేజరు, మా నాన్న అదే మిల్లుకి చెరకు నరికేవాడు. "ఒరేయ్ ఎలీహియో, బొండాం వెధవా! నువ్వెటూ పరిగెత్తలేవు. బ్యాటు వెనకాల గొంతుక్కూచుని నా బంతులు పట్టు" అన్నాడు. మొదటి ఏడాదే నా ముందు పన్ను ఊడింది.

అయితే బంతి విసిరే పిచర్ ఏ బంతి వెయ్యాలో చెప్పేది క్యాచరే. తొడల మధ్య ఒక వేలు చూపిస్తే జోరు బంతి, రెండు చూపిస్తే కిందికి వంగే వంకర బంతి. కూలోడి కొడుకు చెప్పింది తాను వెయ్యడమా అని నొల్బెర్తోకి ఒళ్ళు మండేది. అందుకని నేనొకటి అడిగితే వాడొకటి వేసేవాడు. వంకర బంతి కోసం కాచుకుంటే జోరుది వచ్చి నా బొటనవేలు విరిచింది. బంతి నన్ను దాటిపోతే తప్పు నాదే, చూసేవాళ్ళకి నా వేళ్ళు కనపడవు కదా! కోచ్‌తో మొరపెట్టుకుంటే, "పిచర్ మీద చాడీలు చెప్పే క్యాచర్‌కి ఏ జట్టులోనూ చోటుండదు" అన్నాడు. మాలో అదే కట్టుబాటు. నోరు కుట్టేసుకున్నాను.

పదిహేడో ఏట వాణ్ణి అమెరికా జట్టు ఎగరేసుకుపోయింది. తర్వాత నన్నూ అదే జట్టు తీసుకుంది గాని, అక్కడి కింది లీగుల్లో తొమ్మిదేళ్ళు బస్సుల్లో పడి తిరిగాను. మోకాళ్ళు అరిగిపోయాయి. తొంభై ఆరు ఆగస్టులో పెద్ద జట్టు క్యాచర్‌కి చీలమండ బెణికితే నన్ను ఒక మ్యాచ్‌కి పిలిచారు. ఆ మ్యాచ్‌లో మెప్పిస్తేనే ఉంచుకుంటారట. ఆ రోజు పిచర్ ఎవరు? ఇంకెవరు, నా శని!

"ఇక్కడికీ దాపురించావట్రా? వేళ్ళేమైనా మిగిలాయా?" అన్నాడు.

"నువ్వు విరగ్గొట్టినవి పోను, నీకు చూపించడానికి రెండున్నాయిలే" అన్నాను.

మూడో ఇన్నింగ్స్‌లో రెండు వేళ్ళు చూపించాను. జోరుది వేశాడు. బంతి నా భుజానికి తగిలి వెనక్కి పోయింది, మూడో బేసులో ఉన్న అవతలి జట్టువాడు పరుగు తీసేశాడు. జట్టు మేనేజరు ఇరిసారీ ప్వెర్తోరికో మనిషి, మా భాషే. "ఇంకొక్కటి నిన్ను దాటిందా, మళ్ళీ బస్సెక్కుతావు" అన్నాడు. చెప్పేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నాం. మూడో బేసులో మళ్ళీ ఒకడున్నాడు. బ్యాటర్ ఇంకొక్కసారి తప్పితే మ్యాచ్ మాది. వాడికి వంకర బంతి వేస్తే ఆడలేడు, అది నాకు తెలుసు. నొల్బెర్తో నా వంక చూసి పళ్ళికిలించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. ఆ బుద్ధినే నమ్ముకున్నాను.

ఒక వేలు చూపించాను. గ్లవ్ మాత్రం నేలకి ఆనించాను. వాడు ఈ ఒక్కసారికి మాట విన్నాడా, జోరు బంతి నా తలమీదుగా పోతుంది, నా బతుకూ దానితోనే పోతుంది.

బంతి వంగింది. బ్యాటు గాలిని కొట్టింది. బంతి నా గ్లవ్‌లో ఉంది.

అందరూ కేకలేస్తూ వచ్చారు. నొల్బెర్తో మాత్రం మొహం జేవురించి నా మీదికొచ్చాడు. "ఎలా పట్టావురా? ఒంటివేలికి నేను వంకర బంతి వేస్తే నీకెలా తెలిసిందిరా?" అని అరిచాడు.

నేను వాడి భుజం మీదుగా వెనక్కి చూశాను. వాడి వెనకాలే ఇరిసారీ నిలబడి ఉన్నాడు.

"ఏమన్నావ్? ఇంకోసారి అను" అన్నాడు ఇరిసారీ. "మూడో ఇన్నింగ్స్‌దీ నీ నిర్వాకమేనన్నమాట. రేపట్నించి ఇతనే నీ క్యాచర్. వేలు తప్పావంటే బెంచీ మీద కూర్చుంటావు."

ఆ తర్వాత ఆరేళ్ళు వాడి బంతులు పట్టాను. స్నేహం కుదిరిందా అంటారేమో, నా మొహం! ఒక్కనాడు కూడా కలిసి అన్నం తినలేదు. కాని నేను ఏ వేలు చూపిస్తే, పళ్ళు నూరుకుంటూ, ఆ బంతే వేశాడు.