బోల్టు మీద ఎర్రరంగు

కారు డీజిలుది, దాని ఓనరు మాత్రం పెట్రోలు. ఇంటా బయటా అతన్ని అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. పిలవకేం చేస్తారు! అగ్గిపుల్ల అవతలి వీధిలో గీసినా ఇక్కడ భగ్గుమనే రకం. తోటి డ్రైవరు పళ్లు రాలగొట్టాడు. మూడేళ్ల కిందట అన్నం ముందు కూచుని విసిరిన కంచం పెళ్లాం కనుబొమ్మ చీల్చింది. ఆ కుట్లు విప్పించుకొచ్చిన రోజు ఆవిడ ఒకటే మాట అంది. "ఇంకోసారి నీ చెయ్యి లేచిందా, నీకూ నాకూ చెల్లు. నా మీదే లేవక్కర్లేదు, ఎవరి మీదైనా సరే." ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. అప్పట్నుంచీ పెట్రోలు చేతులు జేబుల్లో పెట్టుకుని బతుకుతున్నాడు.

అలాంటివాడి ఇంజన్లో ఠకఠకమని చప్పుడు మొదలైంది. షోరూములో చూపించమంది పెళ్లాం. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్కు పని చేసే బావమరిది పకపకా నవ్వాడు.

"వాళ్లు విప్పరు బావా, విప్పామని చెప్తారంతే. ఇంజను అడుగున ఆయిలుండే డబ్బా ఉంటుంది చూడు, దాని బోల్టులకి మా చెల్లి గోళ్లరంగు పుయ్యి. విప్పితే రంగు పగులుతుంది. పగల్లేదా, దొంగ దొరికినట్టే."

ఈ సలహా పెట్రోలుకి తెగ నచ్చేసింది. కారు కింద దూరి ముందున్న రెండు బోల్టులకి ఎర్రరంగు పూశాడు. మిగతావాటికి చెయ్యి అందక వదిలేసి బండి షోరూములో అప్పగించాడు.

మర్నాడు రమ్మని ఫోనొస్తే పెళ్లాం కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు?"

"నీ చేతులకి కాపలా."

కారు లిఫ్టు మీద మనిషెత్తున ఉంది. సూపర్‌వైజరు బక్కపల్చటి కుర్రాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. ట్రేలో నల్లటి ఆయిలు చూపించాడు. అందులో ఇనుప రజను తళతళమంటోంది.

"కింద విప్పి చూశాం సార్. బేరింగులు అరిగిపోయాయి. కొత్త ఆయిలు పోసి మళ్లీ బిగించాం. మీరు ఊ అంటే ఇంజను దించుతాం. ఇలాగే నడిపితే మాత్రం పగిలిపోతుంది." చెప్పిన ఖర్చు కారు విలువలో సగం.

పెట్రోలు తలెత్తి చూశాడు. ముందున్న రెండు బోల్టులు. ఎర్రరంగు చెక్కు చెదరలేదు.

ఆ కళ్లు ఇంకో జానెడు వెనక్కి తిప్పి ఉంటే ఎంత బాగుండేది! తిప్పడే. కావలసింది దొరికిపోయిందిగా మహానుభావుడికి.

"విప్పారా? దీన్ని మీరు విప్పారా?"

"విప్పాం సార్. ఆ రంగు చూసి అడుగుతున్నారా? అది మేం బిగించాక..."

మాట పూర్తి కాలేదు. మూడేళ్లుగా జేబులో దాచిన పిడికిలి సూపర్‌వైజరు మూతి మీద పడింది. రెండోది ముక్కు మీద. మనిషి ట్రేతో సహా వెల్లకిలా పడ్డాడు, ఆయిలూ నెత్తురూ కలిసి నేల మీద పారాయి. లేవబోతున్నవాడి మొహం మీద పెట్రోలు పక్కనున్న వీల్ స్పానరు అందుకుని కొట్టాడు. ఎడమ కన్ను మీద తగిలింది. సూపర్‌వైజరు రెండు చేతులా మొహం కప్పుకుని అమ్మా అని కేకపెట్టాడు.

"చచ్చిపోతాడు, వదులు!" అని పెళ్లాం చేతికి వేలాడింది. విదిలిస్తే వెళ్లి గోడకి కొట్టుకుంది. అడ్డొచ్చిన మెకానిక్కు మోచెయ్యి ఫట్‌మంది. ఆఫీసు అద్దం భళ్లున రాలింది.

"దించరా నా బండి!" అని స్పానరు ఎత్తేసరికి దించారు, ప్రాణమంటే తీపి కాదూ! పెళ్లాం రెక్క పట్టుకుని లోపలికి తోసి, గేటు గుద్దుకుంటూ బయటపడ్డాడు.

"దొంగనాయాలు! నన్నే బురిడీ కొట్టిద్దామనుకున్నాడు!" అంటూ యాక్సిలేటరు తొక్కుతూనే ఉన్నాడు. ఠకఠక పెరిగింది. అతని నోరు అంతకన్నా పెరిగింది. ఆవిడ మోచేతి మీద ఆ సూపర్‌వైజరు నెత్తురు అంటుకుంటే కొంగుతో తుడుచుకుంటోంది.

వంతెన మధ్యలో ధడేల్‌మంది. లోపలి ఇనుప కడ్డీ ఇంజను గోడని చీల్చుకుని బయటికొచ్చింది. కారు గిర్రున తిరిగి రెయిలింగుకి కొట్టుకుని ఆగింది. పెట్రోలు నుదురు పగిలి కంట్లోకి నెత్తురు కారింది. బానెట్టు కింద పొగ.

ఆవిడ దిగింది. రోడ్డు మీద బోర్లా పడుకుని కారు కిందికి చూసింది. బోల్టులు ఒక్కొక్కటే చూసింది.

"నువ్వు ఎన్ని బోల్టులకి పూశావు?"

"రెండిటికి. ఏం?"

"అన్నిటికీ ఉంది. నా రంగులో మెరుపుంటుంది, దీన్లో లేదు. ప్రతిదాని మీదా సన్నగా ఎర్ర గీత." లేచి చేతులు దులుపుకుంది. "పాతది తుడిచి, బిగించామని గుర్తుకి వాళ్లే గీస్తారు. ఆ పిల్లాడు చెప్పబోయింది అదే. చెప్పనిచ్చావా?"

పెట్రోలు కూడా వంగి చూశాడు.

ఆవిడ వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?"

"ఆస్పత్రికి. ఆ కన్ను ఉందో పోయిందో చూడాలి. అటునుంచి అటే మా అన్న ఇంటికి."

"ఆగు!" అంటూ ఒక్క అంగలో అడ్డం వెళ్లాడు. కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ పారిపోలేదు, మొహం తిప్పుకోలేదు. కుట్ల మచ్చున్న కనుబొమ్మ కింది కంటితో ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"కానియ్," అంది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది. ఆ చెయ్యి కిందికి దిగేసరికి ఆవిడ వంతెన దాటేసింది.